పాత ఎల్ఎఫ్‌పీ కాథోడ్‌కు మళ్లీ లిథియం ఎక్కించే పద్ధతి

ఈ-ఆటోల్లోంచి తీసేసిన ఎల్ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) బ్యాటరీ సెల్స్ పట్టుకొని మా ల్యాబ్‌కి వచ్చే విద్యార్థులకు నేను మొదట చెప్పే మాట: ఈ కాథోడ్ (సెల్‌లో ప్లస్ వైపు ఎలక్ట్రోడ్) చాలావరకు బాగానే ఉంది, దీనిలో లిథియం తగ్గింది. ఏళ్ల తరబడి చార్జింగ్‌లో ఆ లిథియం, మైనస్ వైపు ఎలక్ట్రోడ్ అయిన గ్రాఫైట్ మీద పేరుకునే పొరలో చిక్కుకుపోతుంది. 1997లో శాస్త్రవేత్త జాన్ గుడ్‌ఇనఫ్ బృందం ప్రకటించిన ఈ లిథియం ఐరన్ ఫాస్ఫేట్‌లో కోబాల్ట్, నికెల్ ఉండవు. బరువులో లిథియం 4.4 శాతమే. యాసిడ్‌లో కరిగిస్తే చేతికొచ్చేది ఎక్కువగా ఇనుము, ఫాస్ఫేట్. వాటికి పెద్ద ధర రాదు. అందుకే స్ఫటికాన్ని చెదరగొట్టకుండా బాగుచేయడమే మేలని నా నమ్మకం.

విషవాయువులను బయటికి లాగేసే ఫ్యూమ్ హుడ్ లేనిచోట సెల్ తెరవొద్దు, ఇంట్లో అసలే వద్దు. ఎలక్ట్రోలైట్‌లోని (సెల్ లోపలి ద్రవంలోని) లిథియం ఉప్పుకు తేమ తగిలితే హైడ్రోజన్ ఫ్లోరైడ్ పుడుతుంది. అది చర్మాన్నీ ఊపిరితిత్తులనూ కాల్చేస్తుంది.

డిశ్చార్జి దగ్గర తొందరపడకండి. రెసిస్టర్ పెట్టి నెమ్మదిగా 2 వోల్టులకు దించండి, కాసేపు వదిలి మళ్లీ కొలవండి, పైకెక్కితే మళ్లీ దించండి. భద్రత ఒక్కటే కాదు, గ్రాఫైట్‌లో ఇంకా కదలగలిగే లిథియమంతా ఇలా కాథోడ్‌లోకి తిరిగొస్తుంది. ఆ తర్వాత కూడా తక్కువున్నదే అసలు లోటు. సున్నాదాకా లాగితే గ్రాఫైట్ కింది రాగి రేకు కరిగి కాథోడ్ మీదికి చేరుతుంది. ఉప్పునీళ్లలో ముంచితే టెర్మినల్స్ తుప్పుపడతాయి, నేనైతే ఒప్పుకోను.

డబ్బా కోసి చుట్ట విప్పండి. అల్యూమినియం రేకు మీదున్నది కాథోడ్. డైమిథైల్ కార్బొనేట్ అనే ద్రావకంతో కడిగి, ఎన్ఎంపీ అనే మరో ద్రావకాన్ని వేడిచేసి అందులో నానబెడితే బైండర్ (పొడిని రేకుకు అంటించే జిగురు) కరిగి పొడి ఊడివస్తుంది. ఎన్ఎంపీ గర్భస్థ శిశువుకు హాని చేస్తుంది, గ్లోవ్స్ తప్పనిసరి. పొడిని వడకట్టి, కడిగి, ఆరబెట్టి, ఐసీపీలో (ఏ మూలకం ఎంతుందో కొలిచే యంత్రంలో) లిథియం, ఇనుము పరమాణువుల నిష్పత్తి చూడండి. 1కి బదులు 0.7 వస్తే లోటు 30 శాతం.

ఇప్పుడు అసలు పని. లిథియం బయటికెళ్లిన చోట ఇనుము ఒక ఎలక్ట్రాన్ కోల్పోయి ఫెర్రిక్‌గా మారి ఉంటుంది. లిథియం తిరిగి లోపలికి రావాలంటే దానికి ఎలక్ట్రాన్ ఇచ్చేవాళ్లు కావాలి. ఆ పని నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ యాసిడ్, చేస్తుంది. లోటుకంటే బాగా ఎక్కువ లిథియం హైడ్రాక్సైడ్ నీళ్లలో కరిగించి, సిట్రిక్ యాసిడ్ కలిపి, పొడి వేసి, 80 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు కలుపుతూ ఉంచండి. ఖాళీలు నిండాక లిథియం లోపలికి వెళ్లదు, కాబట్టి ఎక్కువైందని టెన్షన్ వద్దు. మిగిలిన ద్రావణాన్ని పారబోయకండి, అందులో తగ్గిన లిథియం కలిపి మళ్లీ వాడొచ్చు.

కడిగి ఆరబెట్టిన పొడికి కొద్దిగా లిథియం కార్బొనేట్ కలిపి, ఆర్గాన్ వాయువులో 600 డిగ్రీల దగ్గర రెండు గంటలు కాల్చండి. గాలి తగిలితే ఇనుము మళ్లీ ఆక్సీకరణ చెందుతుంది.

ఎక్స్‌ఆర్‌డీలో (ఎక్స్-కిరణాలతో స్ఫటికాన్ని గుర్తించే పరీక్షలో) 18 డిగ్రీల దగ్గరి ఐరన్ ఫాస్ఫేట్ శిఖరం పోయి, 17 దగ్గరి ఎల్ఎఫ్‌పీ శిఖరమే మిగలాలి. తర్వాత ఈ పొడితో కాయిన్ సెల్ (నాణెమంత చిన్న పరీక్ష బ్యాటరీ) కట్టి నెమ్మదిగా చార్జి చేసి చూడండి. సిద్ధాంతం ప్రకారం గ్రాముకు 170 మిల్లీయాంపియర్ గంటలు. 150 దాటితే మంచి పొడి. దాటకపోతే ముందుగా రాగి, అల్యూమినియం కలిసిందేమో ఐసీపీలో వెతకండి.