చెరువులో బాతుల్ని లెక్కపెట్టేటప్పుడు

అమీన్‌పూర్ చెరువైనా, కొల్లేరైనా ఇదే గొడవ: అరవై దాకా వచ్చేసరికి పైనుంచి ఓ మార్ష్ హారియర్ (వేటాడే గద్ద) పోతుంది, గుంపంతా లేచిపోతుంది, లెక్క మళ్లీ మొదటికి.

అందుకే మొత్తం లెక్కపెట్టకుండా అంచనా వేయండి. చెయ్యి పూర్తిగా చాచి బొటనవేలు నిలువుగా గుంపుకి అడ్డం పెట్టండి. వేలి వెనక దాగిన మేరని ఒడ్డున తుమ్మ మోడుతోనో, రాయితోనో గుర్తుపెట్టుకుని, బైనాక్యులర్‌తో అంతవరకే ఒక్కొక్కటి లెక్కించండి. మధ్యలో ఒకసారి, రెండు అంచుల్లో చెరోసారి. 40, 22, 16 వచ్చాయనుకోండి, సగటు 26. గుంపు 9 వేళ్ల వెడల్పుంటే దాదాపు 230. మధ్యలో ఒక్కచోటే చూసి గుణిస్తే 360 అంటారు, అక్కడే చాలా లెక్కలు పెరిగిపోతాయి.

పొద్దున తూర్పు గట్టునే నిలబడాలి. ఎదురెండలో పిన్‌టెయిల్, షవలర్ లాంటి బాతులన్నీ నల్లటి ముద్దలే.

పోచార్డ్ అనే బాతులకి మాత్రం ఈ వేలి లెక్క పనిచేయదు. మునిగి మేస్తాయి కాబట్టి ఎప్పుడూ కొన్ని నీళ్లకిందే ఉంటాయి. ఐదేసి నిమిషాల తేడాతో మూడుసార్లు విడిగా లెక్కపెట్టి, పెద్ద అంకె రాసుకోండి. నామాలకోళ్లు (కూట్ పక్షులు) కలిసుంటే అవీ వేరే లెక్కే.