ఫ్యాక్టరీ వాసనపై ఫిర్యాదు ఎలా చేయాలి?

రాత్రి పదకొండు దాటాక ఘాటు వాసన వస్తుంది. పొద్దున వాట్సాప్‌లో గొడవ, సాయంత్రానికి యాభై సంతకాలతో అర్జీ: "గాలి పాడైపోయింది, చర్య తీసుకోండి." ఇలాంటివి చాలా చూశాను. ఏ టైమ్‌కి, ఏ వైపు నుంచి అన్నది లేకపోతే ఆ అర్జీతో ఏ అధికారీ ఏమీ చేయలేరు. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి గుర్తించిన 43 అతి కలుషిత పారిశ్రామిక ప్రాంతాల్లో పటాన్‌చెరు–బొల్లారం, విశాఖపట్నం రెండూ ఉన్నాయి. అలాంటి చోట్ల వందల పొగగొట్టాలుంటాయి. మీ దగ్గరికి వాసన వచ్చేది దేని నుంచో మీరే చూపించాలి.

కావలసినవి: నోట్‌బుక్, పెన్ను, అగరుబత్తి, ఫోన్‌లో దిక్సూచి.

1. రాసుకోండి. తేదీ, మొదలైన టైమ్, ఆగిన టైమ్, వాసన. ఫోన్‌లో వద్దు, పుస్తకంలోనే రాయాలి. రసాయనం పేరు ఊహించకండి. "కుళ్ళిన గుడ్డు", "నెయిల్ పాలిష్" అంటే చాలు.

2. గాలి దిక్కు పట్టుకోండి. అందరూ తప్పు చేసేది ఇక్కడే. మేడ మీదకి వెళ్ళి, పిట్టగోడకి దూరంగా, మధ్యలో నిలబడండి. గోడ పక్కన గాలి సుడి తిరుగుతుంది, అక్కడ చూసింది లెక్కలోకి రాదు. అగరుబత్తి వెలిగించి రెండు నిమిషాలు కదలకుండా పట్టుకోండి. పొగ తూర్పుకి వాలితే గాలి పడమర నుంచి వస్తోంది, ఫ్యాక్టరీ కూడా ఆ వైపే. పొగ వెళ్ళే దిక్కు రాసేసి, ఏ పాపం తెలియని యూనిట్ మీద పడినవాళ్ళు నాకు తెలుసు. ఒకసారి అలా జరిగితే తర్వాత మీ మాట ఎవరూ నమ్మరు.

చలికాలం రాత్రుల్లో ఇంకా జాగ్రత్త. నేల చల్లబడి, పైనున్న వెచ్చటి గాలి మూతలా కూర్చుంటుంది. ఫ్యాక్టరీ పొగ పైకి పోదు, గాలి నీరసంగా దిక్కులు మారుతుంది. పావుగంటకోసారి మళ్ళీ చూడండి. అగరుబత్తి పొగ నిటారుగా లేస్తుంటే "దిక్కు తెలియలేదు" అనే రాయండి, ఊహించి నింపకండి.

ఒక్క ఇంటి నుంచి చూస్తే చాలదు. కిలోమీటరు దూరంలో ఉన్న ఇంకో ఇద్దరిని అదే టైమ్‌కి చూడమనండి. మూడు చోట్ల నుంచీ గాలి వచ్చిన వైపుకి మ్యాపు మీద గీతలు గీస్తే, అవి దగ్గరగా కలిసే చోట వెతకాలి. కనీసం ఐదు రాత్రులు ఇలా చేయండి.

గాలి నాణ్యత సూచీ బాగుందిగా అని కొందరు వాదిస్తారు. ఆ సూచీ చూసేది ధూళి, సల్ఫర్ డయాక్సైడ్ లాంటి 8 కాలుష్యాలనే. ద్రావకాల (సాల్వెంట్ల) ఆవిరి అందులో లేదు. సూచీ పచ్చగా ఉన్న రాత్రి కూడా మీ కళ్ళు మండవచ్చు.

3. ఫిర్యాదు. ఒక్క పేజీ. పైన తేదీల పట్టిక, కింద మ్యాపు. రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయంలో ఇచ్చి, రసీదు తీసుకోండి.

4. సమాచార హక్కు దరఖాస్తు. 1981 వాయు చట్టం కింద ఆ యూనిట్‌కి ఇచ్చిన అనుమతి పత్రం కాపీ అడగండి. ఏ షరతులు పెట్టారో అందులో ఉంటుంది. మామూలుగా 30 రోజుల్లో జవాబివ్వాలి.

అప్పటికీ కదలిక లేకపోతే పర్యావరణ కేసులు చూసే జాతీయ హరిత ట్రిబ్యునల్‌కి చెన్నైలో ఉన్న దక్షిణ బెంచికి వెళ్ళవచ్చు. సాధారణంగా గడువు 6 నెలలు, అందుకే మొదటి రాత్రి తేదీ పుస్తకంలో ఉండాలి.