ఇంట్లోనే పడవ – 4వ పాఠం: కుట్టడం, మెలిక చూడటం, జిగురు పెట్టడం

కిందటి పాఠంలో ప్లైవుడ్ షీట్లు అతికి అడుగు పలక, రెండు పక్క పలకలు, వెనక చెక్క కోసుకున్నాం. పక్క పలకలు రెండూ ఒకదాని మీద ఒకటి పెడితే అంచులు కలుస్తున్నాయా? కలవకపోతే రెంటినీ కలిపి క్లాంపు వేసి, ఒకేసారి చిత్రిక పట్టండి. ఆ పని మిగిలి ఉంటే ఈ పాఠం మొదలుపెట్టకండి.

ఇకనుంచి రెండు మాటలు తరచూ వస్తాయి. పడవ ముందు కొస అణియం, వెనక వైపు అమరం. రేవుల్లో పడవవాళ్లు అనే మాటలే ఇవి.

పడవని తీగతో కుట్టడమేంటని చాలామందికి అనుమానం. మన తీరంలో ఇది కొత్త సంగతేం కాదు. కోరమండల్ తీరంలో అలలు విరిగే చోట సరుకు దింపడానికి వాడిన మసులా పడవల్లో మేకులుండేవి కావు. పలకల అంచుల్లో కన్నాలు పెట్టి కొబ్బరి తాడుతో కుట్టేవారు. ఇసుక మీద దబ్బున పడ్డా కుట్టు కాస్త సాగుతుంది కాబట్టి పలక చీలదు. అక్కడ పడవ ఉన్నంతకాలం భారమంతా ఆ తాడుదే. మన తీగ మాత్రం నాలుగు రోజుల చుట్టం. జిగురు గట్టిపడేదాకా పలకల్ని పట్టి ఉంచడమే దాని పని. ఈ పద్ధతికి పేరు తెచ్చింది 1960ల మొదట్లో ఇంగ్లాండులో వచ్చిన మిర్రర్ అనే చిన్న తెరచాప పడవ. ఇళ్లలో, షెడ్లలో జనం సొంతంగా కట్టుకున్నవీ కలిపి 70 వేలకు పైగా తయారయ్యాయి.

తీగ సంగతి. కరెంటు షాపులో 1/18 సింగిల్ స్ట్రాండ్ రాగి తీగ అడగండి. పై తొడుగు ఒలిచి, 4 అంగుళాల ముక్కలుగా కత్తిరించి పెట్టుకోండి. సెంట్రింగ్ వాళ్ల బైండింగ్ వైరు చవగ్గా వస్తుంది కానీ, ఒక ముక్క లోపల ఉండిపోయినా తుప్పు పట్టి మరక పైకి తేలుతుంది. అంచు నుంచి 1 సెంటీమీటరు లోపలికి, 6 అంగుళాలకొకటి చొప్పున 2 మిల్లీమీటర్ల కన్నాలు వేయండి. అణియం దగ్గర పలక ఎక్కువ వంగుతుంది కాబట్టి అక్కడ 3 అంగుళాలకొకటి.

పక్క పలకలు రెండూ లోపలి ముఖాలు ఎదురెదురుగా ఉండేలా పేర్చి, ముందు అణియం కుట్లు వదులుగా వేయండి. ఇప్పుడు పుస్తకం తెరిచినట్టు తెరవండి. మధ్యలో అడ్డ చట్రం (పక్క పలకలు దగ్గరికి రాకుండా వాటి మధ్య అడ్డంగా నిలిపేది), వెనక అమరం చెక్క పెట్టి కుట్టండి. దాన్ని బోర్లించి అడుగు పలక పైన పరిచి, మధ్య నుంచి మొదలుపెట్టి రెండు కొసలవైపూ కుట్టుకుంటూ వెళ్లండి. తీగ మెలి పడవ బయటివైపు రావాలి. లోపల తీగ చెక్కకి ఆనుకుని ఉంటే జిగురు పట్టీ, అంటే పలకలు కలిసే మూల వెంబడి లోపలివైపు పెట్టే జిగురు వరస, సాఫీగా వస్తుంది. కటింగ్ ప్లేయర్‌తో బలంగా తిప్పాలనిపిస్తుంది, తిప్పకండి. 6 మిల్లీమీటర్ల ప్లైవుడ్ అంచుని రాగి తీగ కత్తిలా కోసేస్తుంది. ఈ దశలో పడవ కొంచెం లొడలొడలాడుతూనే ఉండాలి.

గంటన్నర క్రితం నేల మీద పడున్న బల్లపరుపు చెక్కలు ఇప్పుడు పడవ ఆకారంలో నిలబడతాయి. ఇంట్లోవాళ్లు వచ్చి ఫోటోలు తీస్తారు. సరిగ్గా ఆ ఊపులోనే జిగురు డబ్బా మూత తీస్తాం. నా మొదటి పడవ పాడైంది ఆ ఊపులోనే.

మా కారు షెడ్డు నేల గేటువైపు వాలు, దానికి తోడు కారు కడిగిన నీళ్లు పోవడానికి ఒక మూలకి ఇంకో వాలు. ఆ నేల మీద నాలుగు స్టూళ్లు వేసి వాటి మీద పడవ కట్టాను. ఒక స్టూలు ముప్పావు అంగుళం కిందికి ఉంది. ఒట్టి ప్లైవుడ్ చెప్పిన మాట వింటుంది. ఎటు వంచితే అటు వంగుతుంది. పడవ మొత్తం ఆ మూలకి మెలి తిరిగింది, నాకు తెలీలేదు. మర్నాడు సాయంత్రం రేవులో 40 ఏళ్లు గెడ వేసిన మా వీధి తాత షెడ్డులోకి తొంగిచూశాడు. దగ్గరికి కూడా రాలేదు. గుమ్మంలోంచే ఒక కన్ను మూసి, "మెడ తిరిగిందిరా అబ్బాయ్, ఇంకేటి చేత్తావు" అన్నాడు. అప్పటికే జిగురు రాయైపోయింది. ఆ పడవ ఇప్పటికీ ఉంది. వదిలేస్తే ఎడమకే పోతుంది. తాళ్లరేవు, కోరంగి వైపు కాగితం మీద గీత లేకుండా అంతంత చెక్క నావలు కట్టినవాళ్ల దగ్గర ఉన్నది ఆ కన్నే. మనకది లేదు కాబట్టి కొలతలు కావాలి.

ముందు స్టూళ్ల మట్టం. తాపీ మేస్త్రి వాడే నీళ్ల గొట్టంతో నాలుగూ ఒకే ఎత్తులోకి తెచ్చుకోండి. పడవని వెల్లకిలా వాటి మీద పెట్టండి. తిన్నని రీపర్లు (సన్నని చెక్క బద్దలు) రెండు తీసుకుని, ఒకటి అణియానికి రెండడుగుల ఇవతల, ఇంకోటి అమరం మీద, పక్క పలకల పై అంచులకి అడ్డంగా పెట్టండి. వెనక్కి పదడుగులు వెళ్లి, ఒక కన్ను మూసి, దగ్గరి రీపరు పై అంచు మీదుగా దూరపు రీపరు చూడండి. తల నెమ్మదిగా దించుతూ పోతే దూరపు రీపరు మొత్తం ఒకేసారి మాయమవ్వాలి. ఒక కొస ముందు మునిగి ఇంకో కొస కనబడుతుంటే మెలిక ఉన్నట్టే. తర్వాత అణియం కొస నుంచి అమరం రెండు మూలలకీ టేపు పట్టండి. తేడా పావు అంగుళం దాటకూడదు. చివరికి అణియం మధ్య నుంచి అమరం మధ్యకి దారం లాగి, దాని మీంచి తూకం గుండు వేలాడదీస్తే అడుగు పలక నడిమి గీత మీదే ఆగాలి.

మెలిక కనబడితే మంచిదే, ఇంకా జిగురు పెట్టలేదు కదా. ఆ వైపు కుట్లు నాలుగైదు వదులు చేయండి. పైకి లేచిన మూల మీద రెండు ఇటుకలు పెట్టండి, దిగిన మూల కింద చెక్క ముక్క దోపండి. మళ్లీ రీపర్లు చూడండి. సరిపోయాక కుట్లు బిగించి, ఆ రాత్రికి అలాగే వదిలేయండి. చెక్క రాత్రంతా సర్దుకుంటుంది. పొద్దున్నే ఇంకోసారి చూసి, అప్పుడు జిగురు.

ఎపాక్సీ వాడుతున్నాం. ఇందులో రెండు సరుకులు, రెసిన్, దాన్ని గట్టిపరిచే హార్డెనర్. ఆ రెండూ డబ్బా మీద రాసిన పాళ్లలోనే, వంటింటి డిజిటల్ కాటాలో తూచి కలపాలి. ఫైబర్ పని చేసేవాళ్లు త్వరగా గట్టిపడాలని గట్టిపరిచే మందు కాస్త ఎక్కువ పోయడం మీరు చూసి ఉంటారు. అది పాలిస్టర్ రెసిన్, అక్కడ కొంతవరకు చెల్లుతుంది. ఎపాక్సీలో రెండూ జతకట్టే సరుకులు. ఏది ఎక్కువైనా జత దొరకని భాగం మెత్తగా, జిడ్డుగా ఉండిపోతుంది.

ఒకేసారి 100 గ్రాములకి మించి కలపకండి. ఒక మే నెల మధ్యాహ్నం మాటిమాటికీ ఎవడు తూస్తాడులే అని 400 గ్రాములు ప్లాస్టిక్ మగ్గులో కలిపాను. ఐదు నిమిషాలకి మగ్గు వెచ్చబడింది, ఎనిమిదో నిమిషానికి పట్టుకోలేకపోయాను, తర్వాత తెల్లటి పొగ. మగ్గు అడుగు జారిపోయింది. ఎపాక్సీ గట్టిపడుతూ వేడి పుట్టిస్తుంది, ఆ వేడికి ఇంకా తొందరగా గట్టిపడుతుంది. లోతు గిన్నెలో ఆ వేడి బయటికి పోదు. అందుకే కలిపిన వెంటనే పళ్లెంలో పల్చగా పరవండి. పొగొస్తే పెరట్లో మట్టి మీద పారబోయండి, చెత్తబుట్టలో వేయకండి.

రెండూ రెండు నిమిషాలు బాగా కలిపాకే చెక్క పిండి వేయాలి. రంపం పొట్టు ముతక, పనికిరాదు. ఇసుక కాగితం పట్టగా వచ్చే మెత్తటి పొడి కావాలి. కోనసీమ కదా అని కొబ్బరి చిప్ప పొడి కూడా వేసి చూశాను. గట్టిగానే వచ్చింది కానీ నల్లగా, బరువుగా ఉండి ఇసుక కాగితానికి లొంగలేదు. ఇలా కలిపిన పాకం చిక్కగా, గారెల పిండిలా ఉండాలి. గరిట తిరగేస్తే జారకూడదు. ఇడ్లీ పిండిలా ఉంటే పక్క పలక మీంచి కారి అడుక్కి చేరుతుంది.

మొదటిరోజు కుట్టుకీ కుట్టుకీ మధ్య మాత్రమే 3 అంగుళాల పట్టీలు, కుట్లు దగ్గరగా ఉన్న అణియం దగ్గర ఇంకా పొట్టివి. మర్నాడు తీగలు కత్తిరించి లాగేయండి. రానిది ఉంటే సోల్డరింగ్ ఐరన్‌తో తీగని వేడి చేస్తే వచ్చేస్తుంది. తర్వాత ఆ పొడవంతా ఒకే పట్టీ. పాత ఏటీఎం కార్డు మూలని నీళ్ల సీసా మూత అంచు వెంబడి గుండ్రంగా కత్తిరిస్తే, అదే మీ పనిముట్టు. దాన్ని ఏటవాలుగా పట్టుకుని ఒకే లాగుడులో లాగండి. పక్కలకి పొంగిన పాకాన్ని అప్పుడే గీకేయండి, రేపటికి అది రాయి.

ఈ పని సాయంత్రం 4 దాటాక పెట్టుకోండి. పొద్దున్న పూస్తే ఎండ ఎక్కేకొద్దీ చెక్కలోని గాలి వ్యాకోచించి జిగురులో బుడగలు లేస్తాయి. చల్లబడే వేళ పూస్తే జిగురు చెక్కలోకి ఇంకుతుంది. మన తేమకి తెల్లారేసరికి పైన మైనం లాంటి జిడ్డు పొర రావచ్చు. ముందు నీళ్లు పోసి గిన్నెలు తోమే పచ్చ పీచుతో కడిగి, ఆరాకే ఇసుక కాగితం పట్టండి. కడక్కుండా పడితే ఆ జిడ్డు జిగురు పొరలోకే దిగి, తర్వాతి పూత ఊడిపోతుంది. గ్లౌజులు తప్పనిసరి. ఎపాక్సీ ఒకసారి ఒంటికి సరిపడకపోతే ఆ ఎలర్జీ ఇక జన్మలో వదలదు. చేతికంటితే సబ్బు వాడండి, థిన్నర్ వద్దు.

తొందరేమీ లేదు. వేసవిలో కాలువలు ఎలాగూ కట్టేసి ఉంటాయి, జూన్‌లో నీళ్లు వదిలేదాకా పడవకి పని లేదు. వచ్చే పాఠానికి 3 అంగుళాల గ్లాస్ టేపు (ఫైబర్‌గ్లాస్ గుడ్డ పట్టీ) చుట్ట ఒకటి, రెండంగుళాల చవక బ్రష్షులు అరడజను తెచ్చిపెట్టుకోండి. బ్రష్షులు ఒక్కోటీ ఒక్కసారికే.