మిలాన్ నుంచి సిర్మియోనేకి ఒక్క రోజులో వెళ్లి రావడం ఎలా?

ఇటలీలోని సిర్మియోనే అనే ఊరు చూసొచ్చామని చెప్పేవాళ్లని "రోమన్ల కాలం నాటి ఆ పెద్ద ఇల్లు, విల్లా, ఎలా ఉంది?" అని అడిగి చూడండి. చాలామంది "విల్లానా? కోట చూశాం, 'జెలాతో' ఐస్‌క్రీం తిన్నాం, వచ్చేశాం" అంటారు. మొదటిసారి నా పరిస్థితీ అదే. మిలాన్‌లో చదువుకునే రోజుల్లో హైదరాబాద్ నుంచి అన్నయ్యా వదినా వస్తే, పెద్ద గైడ్‌లా ముందుండి తీసుకెళ్లాను. పదకొండింటికి దిగాం. కోట ముందు ఫోటోలు, కోట టికెట్ లైను, భోజనం, షాపులు. విల్లా గేటు దగ్గరికి చేరేసరికి టికెట్లు ఇవ్వడం ఆపేశారు. అన్నయ్య ఏమీ అనలేదు గానీ, వదిన ఇప్పటికీ ఆ సంగతి ఎత్తుతూనే ఉంటుంది.

ఆ తర్వాత నాలుగైదుసార్లు వెళ్లాను. నేర్చుకున్నది ఒక్కటే, సిర్మియోనేని చివర నుంచి మొదటికి చూడాలి. గార్డా సరస్సులోకి నాలుకలా సాగిన సన్నటి నేల మీద ఉంటుందీ ఊరు. కోట ఊరి గుమ్మంలోనే ఉంటుంది, విల్లా నాలుక కొసన. అందరూ గుమ్మం దగ్గరే ఆగిపోతారు. మనం ఆగకుండా కొసకి పోవాలి.

రోజు ఎంచుకోవడం

కోటకి సోమవారం సెలవు. విల్లాకీ వారంలో ఒక రోజు సెలవుంటుంది, అది కోట సెలవు రోజే కానక్కర్లేదు. అందుకే సోమ, మంగళవారాలు వదిలేసి, బుధవారం నుంచి శుక్రవారం లోపల పెట్టుకోండి. నెలలో మొదటి ఆదివారం ఇటలీ ప్రభుత్వ మ్యూజియాల్లో టికెట్ ఉండదు, ఈ రెండు చోట్లా కూడా. కానీ ఆ డబ్బు ఆదా కోసం ఊరంతా దిగుతుంది. 2025లో మే 1 సెలవులకి సిర్మియోనేలో జనం కిక్కిరిసిపోయి అది ఇటలీ వార్తల్లోకి ఎక్కింది. జులై, ఆగస్టుల్లో జనంతో పాటు ఎండ కూడా. నన్నడిగితే ఏప్రిల్ మధ్యలో గానీ, సెప్టెంబర్ చివర్లో గానీ వెళ్లమంటాను.

ముందు రోజు రాత్రి ఇంకో పని ఉంది. 'షోపెరో' అనే మాట గుర్తుపెట్టుకోండి, సమ్మె అని అర్థం. ఇటలీలో రైళ్ల సమ్మెలు ముందే ప్రకటించి చేస్తారు, శుక్రవారాలు వాటికి ఇష్టమైన రోజులు. మీరు వెళ్లే రోజున సమ్మె ఉందని తెలిస్తే మరీ టెన్షన్ పడక్కర్లేదు. పనిరోజుల్లో పొద్దున్న ఆరు నుంచి తొమ్మిది, సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది మధ్య కొన్ని రైళ్లు తప్పక నడపాలన్న నియమం ఉంది. అయినా, వేరే రోజు కుదిరితే అదే మేలు.

రైలు

మిలానో చెంట్రాలే స్టేషన్ నుంచి బయల్దేరాలి. దిగాల్సింది సిర్మియోనేకి దగ్గర్లో ఉన్న దెసెంజానో ఊళ్లో. స్టేషన్ బోర్డు మీద ఆ పేరు కోసం వెతికి కంగారు పడకండి. బోర్డు మీద రైలు చివరి స్టేషన్ పేరే వేస్తారు, కాబట్టి వెరోనా అని గానీ, వేగంగా పోయే రైలైతే వెనీజియా (వెనిస్) అని గానీ ఉంటుంది. 'బినారియో' అన్న చోట ఉన్న అంకె ప్లాట్‌ఫారం నంబరు.

మామూలు రీజనల్ రైలు గంటన్నర లోపే చేరుస్తుంది. ధర ఎప్పుడూ ఒకటే, పది యూరోలకి అటూ ఇటూ. ముందుగా కొన్నా అప్పుడే కొన్నా తేడా లేదు. ఫ్రెచ్చారోస్సా అనే వేగమైన రైలు గంటలోపే చేరుస్తుంది గానీ, ఆఖరి నిమిషంలో కొంటే బాగా ఖరీదు. పైగా దెసెంజానోలో ఆగని రైళ్లు కూడా ఉంటాయి, చూసి కొనాలి. ఈ అరగంట కోసం అంత పెట్టడం నాకైతే దండగ అనిపిస్తుంది.

కాగితం టికెట్ కొంటే రైలెక్కే ముందు ప్లాట్‌ఫారం దగ్గరున్న చిన్న మెషీన్‌లో దూర్చి ముద్ర వేయించుకోవాలి. ముద్ర లేకపోతే టికెట్ చేతిలో ఉన్నా ఫైను పడుతుంది, "నాకు తెలీదండీ" అంటే వినరు. ఫోన్‌లో కొన్న రీజనల్ టికెట్లలో కొన్నిటికి చెక్ ఇన్ బటన్ నొక్కాల్సి ఉంటుంది, అదీ చూసుకోండి. ఏడింటి ప్రాంతంలో బయల్దేరే రైలు పట్టుకోండి. బ్రేషా స్టేషన్ దాటిందంటే బ్యాగు సర్దుకుని సిద్ధంగా ఉండండి. నిద్రపోయారో, తర్వాత వచ్చేది పెస్కియేరా.

బస్సులో వెళ్లి, బోటులో రావడం

దెసెంజానో స్టేషన్ బయటే బస్సు ఆగుతుంది. బ్రేషా, వెరోనా మధ్య తిరిగే ఆ బస్సు ఇరవై నిమిషాల్లో సిర్మియోనే కోట దగ్గర్లో దింపుతుంది. టికెట్ ముందే కొనుక్కోండి, స్టేషన్ దగ్గరి పేపర్ షాపులోనో ఫోన్‌లోనో. ఆదివారాలు బస్సులు తక్కువ.

బోటు కూడా ఉంది, అందంగానూ ఉంటుంది. కానీ రేవు కింద సరస్సు ఒడ్డున, స్టేషనేమో మిట్ట మీద. పొద్దున్నే ఆ నడకకి, బోటు కోసం ఎదురుచూపులకి టైం వృథా చేయకండి. దాన్ని సాయంత్రానికి దాచుకోండి.

కారు అద్దెకి తీసుకునేవాళ్లకి ఒక్క మాట. పాత ఊళ్లోకి బయటి కార్లు వెళ్లకూడదు. అలాంటి ఊళ్లలో గుమ్మం దగ్గర కెమెరా ఉంటుంది, ఫైను తర్వాత తీరిగ్గా వస్తుంది.

కోట వైపు తల తిప్పకుండా నడవండి

బస్సు దిగి వంతెన దాటగానే కోట కుడివైపు ఊరిస్తూ ఉంటుంది. సాయంత్రం వస్తానని చెప్పి ముందుకి పొండి. సన్నటి వీధి దాటి, వేడినీటి స్నానాల భవనం పక్కనుంచి పైకెక్కితే పావుగంట, ఇరవై నిమిషాల్లో విల్లా గేటు వస్తుంది. పెద్దవాళ్లు వెంట ఉంటే, స్నానాల భవనం దగ్గర్నుంచి ఒక బుల్లి బొమ్మ రైలు లాంటి బండి నడుస్తుంది, మొహమాటపడకుండా ఎక్కించండి.

ఈ చోటుని ఇటాలియన్‌లో 'గ్రోత్తె దీ కతుల్లో' అంటారు, కటుల్లస్ గుహలని. తమాషా ఏమిటంటే ఇక్కడ గుహలూ లేవు, ఇది కటుల్లస్ ఇల్లూ కాదు. కూలిన గదుల మీద మట్టి పేరుకుని, చెట్లు మొలిచి, కమానులన్నీ గుహల నోళ్లలా కనిపించడంతో ఆ పేరు పడిపోయింది. కటుల్లస్ వెరోనాలో పుట్టిన లాటిన్ కవి. క్రీస్తుపూర్వం 54 ప్రాంతంలో చనిపోయాడు. ఇప్పుడు మనం చూసే కట్టడం ఆ తర్వాత కొన్ని దశాబ్దాలకి లేచింది. అయితే ఆయనకి సిర్మియోనేలో ఇల్లుండేదన్నది నిజమే, తన పద్యంలో తనే చెప్పుకున్నాడు. దూరదేశం నుంచి తిరిగొచ్చి, ఎన్నాళ్లుగానో తలుచుకున్న సొంత మంచం మీద వాలడం ఎంత హాయో అందులో రాశాడు. ఫ్లైట్ దిగి ఇంటికెళ్లి పడుకున్న ప్రతివాళ్లకీ తెలిసిన హాయే అది.

లోపలికెళ్లాక ముందు మ్యూజియం చూడండి. చిన్నదే, అరగంట చాలు. గోడ చిత్రాల ముక్కల్లో చేతిలో రాతప్రతి చుట్ట పట్టుకున్న ఒక మనిషి బొమ్మ ఉంటుంది. అది కటుల్లసే అని నమ్మేవాళ్లున్నారు. బయటికొచ్చాక చూసే రాళ్ల గుట్టలకి ఏది గది, ఏది స్నానాలచోటు అన్న లెక్క కాస్త ఇక్కడే తెలుస్తుంది.

బయట నన్ను చాలాకాలం తికమక పెట్టిన విషయం ఒకటుంది. ఉత్తరం వైపు సరస్సు మీదికి నిలబడ్డ ఆ ఎత్తైన గోడలు, కమానులు చూసి "అబ్బ, ఎంత పెద్ద హాళ్లలో ఉండేవాళ్లో!" అనుకునేవాణ్ని. అవి హాళ్లు కావు. ఇక్కడ కొండరాయి సరస్సు వైపు వాలుగా ఉంటుంది. ఇంటికి చదునైన నేల కావాలంటే ఆ వాలు కింద ఎత్తుగా గోడలు లేపి, వాటి మీద అంతస్తు వేయాలి. మన అపార్ట్‌మెంట్ భాషలో చెప్పాలంటే మిగిలింది సెల్లార్. యజమానులు ఉన్న అంతస్తు దాదాపు పూర్తిగా పోయింది. అది ఉండాల్సిన చోట ఇప్పుడు ఆలివ్ తోట ఉంది. ఆ చెట్ల నీడలో నిలబడితే వాళ్ల ఇంట్లో నిలబడినట్టే. ఇల్లు పొడవు 167 మీటర్లు, వెడల్పు 105, అంటే సుమారుగా ఒక క్రికెట్ గ్రౌండంత.

అందుకే చూడాల్సిన వరస ఇది. ముందు పైన ఆలివ్ తోటంతా నడవండి. అంచుకొచ్చి సరస్సు చూడండి. తర్వాత కిందికి దిగి అవే గోడల్ని తలెత్తి చూడండి. ఒక వేలెడు సందులోంచి కూడా నీలంగా నీళ్లు కనిపిస్తూనే ఉంటాయి. రెండు గంటలు ఇవ్వండి. తోట దాటితే నీడ తక్కువ కాబట్టి టోపీ, నీళ్ల సీసా ఉండాలి. రాళ్ల మీద హీల్స్ చెప్పులు పనికిరావు.

మధ్యాహ్నం

విల్లా కింద ఒడ్డున పలకలు పరిచినట్టు తెల్లటి బండలుంటాయి, జమైకా బీచ్ అంటారు. దారి తెరిచి ఉంటే దిగి కాళ్లు తడుపుకోవచ్చు. నాచు పట్టిన బండ మంచులా జారుతుంది, పిల్లల చేయి వదలకండి.

భోజనానికి కోట చుట్టుపక్కల కూర్చుంటే బిల్లులో సీటు చార్జీ, 'కొపెర్తో', మనిషికింత కలుస్తుంది. మోసం కాదు, అక్కడి పద్ధతి, మెనూలో రాసే ఉంటుంది. శాకాహారులు టమాటా పాస్తా, మార్గెరీటా పిజ్జాలతో గట్టెక్కొచ్చు. 'బిగొలి కొన్ లె సార్దె' అంటే చేపలతో చేసిన పాస్తా, పేరు చూసి మోసపోకండి. పొద్దున్న పులిహోర కలుపుకుని డబ్బాలో తెచ్చుకుంటే ఇంకా నయం, ఒడ్డున బెంచీ మీద కూర్చుని తినొచ్చు.

ఇప్పుడు కోట

నాలుగు దాటాక జనం పలచబడతారు. చుట్టూ నీళ్లున్న ఈ స్కలీజెరో కోటని మధ్యయుగాల్లో వెరోనా పాలకులైన దెల్లా స్కాలా వంశం వాళ్లు కట్టారు. బురుజు పైకి 146 మెట్లు. నాకు మాత్రం మెట్లకన్నా కింద ఉన్న పడవల రేవే ఇష్టం. సరస్సు నీళ్లని గోడల లోపలికి తెచ్చుకుని, యుద్ధపడవలు దాచుకోవడానికి కట్టుకున్నారు. ఇప్పుడందులో బాతులు తిరుగుతుంటాయి. ఆఖరి టికెట్ మూసే సమయానికి బాగా ముందే ఇస్తారు, గోడ మీది వేళలు పొద్దున వెళ్లేటప్పుడే ఓ ఫోటో తీసి పెట్టుకోండి.

తిరుగు దారి

దెసెంజానోకి బోటు ఎక్కండి. రేవులో టైంటేబుల్ కూడా పొద్దున్నే చూసుకుని ఉండాలి, చలికాలం బోట్లు బాగా తక్కువ. బోటు కదిలాక వెనక్కి తిరిగి కూర్చోండి. పొద్దున్నంతా నడిచిన నేల మొత్తం, కోట నుంచి విల్లా కొస దాకా, ఒక్క చూపులో కనిపిస్తుంది.

దెసెంజానోలో ఇంకా టైం మిగిలితే అక్కడా ఒక రోమన్ విల్లా ఉంది. 1921లో ఇల్లు కట్టడానికి తవ్వుతుంటే బయటపడింది. నేల మీద రంగురాళ్లతో చేపలు పట్టే చిట్టి రెక్కల పిల్లల బొమ్మలుంటాయి. టైం లేకపోతే బాధపడకండి. రేవు నుంచి స్టేషన్‌కి ఎత్తెక్కి నడవడానికి ఇరవై నిమిషాలు వేసుకోండి. ఈసారి బోర్డు మీద మిలానో చెంట్రాలే అనే ఉంటుంది, వెతుక్కునే పని లేదు.