గడ్డకట్టిన నేలలో గని వ్యర్థాలపై మట్టి కప్పును గమనించే విధానం
కెనడాలోని బాఫిన్ దీవిలో ఉన్న నానిసివిక్ జింకు, సీసం గని 2002లో మూతపడిన తరువాత, గాలి, నీరు తగిలితే ఆమ్లం పుట్టించే అక్కడి సల్ఫైడు వ్యర్థాలపై సుమారు 1.25 మీటర్ల మందాన షేల్ రాతిముక్కలూ కంకరా పరిచారు. వేసవి కరుగుదల ఈ కప్పులోనే ఆగి, కింది వ్యర్థాలు ఏడాది పొడవునా గడ్డకట్టి ఉంటే, ఆమ్లం పుట్టడం దాదాపు ఆగిపోతుంది. కాబట్టి మొదట గమనించవలసింది కరుగుదల లోతు.

ఇందుకు నిలువు బోరులో వేర్వేరు లోతుల వద్ద థర్మిస్టర్లు (ఉష్ణోగ్రతను కొలిచే చిన్న పరికరాలు) అమర్చిన తీగను దింపి లాగరుకు, అంటే కొలతలను తనంతట తానే నమోదు చేసే పరికరానికి, కలపాలి. దింపే ముందు ప్రతి థర్మిస్టరునూ మంచుముక్కలు కలిపిన శుద్ధజలంలో ఉంచి, సున్నా డిగ్రీల దగ్గర ఎంత తేడా చూపుతోందో రాసిపెట్టుకోవాలి. ఇక్కడ అర డిగ్రీ పొరపాటు కూడా నిర్ణయాన్ని తారుమారు చేస్తుంది. కరుగుదల గరిష్ఠానికి చేరేది ఎండ ఎక్కువగా ఉండే జూన్‌లో కాదు, వేసవి చివరన. అప్పుడు 1 మీటరు లోతున +0.6, 1.25 మీటర్ల వద్ద −0.2 డిగ్రీలు కనిపిస్తే, సరళరేఖ లెక్కన సున్నా డిగ్రీలు 1.19 మీటర్ల దగ్గర ఉన్నట్టు. అంటే మిగిలిన రక్షణ 6 సెంటీమీటర్లే. లవణాలు కలిసిన నీరు సున్నాకు కాస్త దిగువన కూడా గడ్డకట్టదు కనుక, ఆ కొద్దిపాటి రక్షణనూ నేను నమ్మను.

కురిసిన మంచు మందాన్ని కొలవడం చాలామంది మరచిపోతారు; అది దుప్పటిలా కప్పేసి, చలికాలంలో నేల చల్లబడకుండా అడ్డుకుంటుంది. ఏటా వేసవిలో కప్పుపై నడిచి పగుళ్లను, కోతను, నీటి మడుగులను ఫోటోలతో నమోదు చేయాలి. దిగువ ఊటనీటిలో పీహెచ్, సల్ఫేటు, జింకు పరీక్షించాలి. నేల ఉబ్బి, తీగ దింపిన బోరు గొట్టం పైకి లేచినట్టు కనిపిస్తే, ఎత్తులు సర్వే చేశాకే పాత అంకెలతో పోల్చాలి.