అనులోమానుపాతమా, కాదా? అంకణం, పుట్టి లెక్కలతో తేల్చుకునే పద్ధతి

"ఒకటి పెరిగితే రెండోదీ పెరుగుతోంది, కాబట్టి అనులోమానుపాతం." ఎనిమిదో తరగతి పిల్లలు తరచూ తప్పేది ఇక్కడే. పెరిగితే చాలదు. మొదటిది రెట్టింపైతే రెండోది సరిగ్గా రెట్టింపు కావాలి, సగమైతే సగం కావాలి. రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే ప్రతిసారీ ఒకే సంఖ్య రావాలి. ఆ సంఖ్యనే అనుపాత స్థిరాంకం అంటాం, కె అని రాస్తాం.

నెల్లూరులో ఇళ్ల స్థలాలకు అంకణమే కొలత. అంకణం అంటే 72 చదరపు అడుగులు. 10 అంకణాలు 720, 25 అంకణాలు 1800. ఎక్కడ భాగించినా 72 వస్తుంది. తిరుపతి వైపు అంకణం 36 చదరపు అడుగులే. అక్కడ కె మారింది గానీ సంబంధం అదే. కె ఎంత అన్నది కాదు, అది వరస వరసకూ మారుతోందా అన్నది చూడాలి. అదే స్థలం చతురస్రంగా ఉందనుకుని భుజానికీ వైశాల్యానికీ ముడిపెట్టి చూడండి. 30 అడుగుల భుజానికి 900 చదరపు అడుగులు, 60 అడుగులకు 3600. భుజం రెట్టింపైతే వైశాల్యం నాలుగింతలైంది. రెండూ పెరిగాయి, అనులోమానుపాతం మాత్రం కాదు.

నిత్యజీవితంలో లెక్క ఎదురైనప్పుడు ముందు సున్నా పెట్టి చూడండి. మొదటిది సున్నా అయితే రెండోది కూడా సున్నా అవుతుందా? కాకపోతే అనులోమానుపాతం కాదని తేలినట్టే, అక్కడితో ఆగిపోవచ్చు. సున్నా అయితే మాత్రం రెట్టింపు పరీక్ష కూడా చేయాలి, ఎందుకంటే చతురస్రం లెక్క సున్నా పరీక్షలో నెగ్గి రెట్టింపు దగ్గర పోతుంది.

ధాన్యం లెక్కలో ఇది బాగా తెలుస్తుంది. నెల్లూరు పుట్టి 850 కిలోలు. పుట్టి ధర 20,000 రూపాయలు అనుకుందాం. ఖర్చులేమీ లేకపోతే వచ్చే డబ్బు పుట్లకు అనులోమానుపాతంలో ఉంటుంది. పుట్టికి 400 హమాలీ పోయినా అంతే, కె 19,600 అవుతుంది. కానీ ఎన్ని పుట్లు తోలినా లారీ బాడుగ 3,000 అని మొత్తంగా పోతే? ఒక పుట్టికి 17,000 మిగులుతుంది, రెండు పుట్లకు 37,000. పుట్టికి సగటు మొదట 17,000, తర్వాత 18,500. నిష్పత్తి నిలవలేదు. పుట్టికి ఇంత అని కోసేది కె ని మారుస్తుంది, మొత్తం మీద ఒకేసారి కోసేది అనులోమానుపాతాన్నే చెడగొడుతుంది. కనీస చార్జీ ఉన్న ఆటోలోనూ, యూనిట్లు పెరిగేకొద్దీ రేటు మారే శ్లాబుల కరెంటు బిల్లులోనూ నిష్పత్తి నిలవదు, కాబట్టి అవీ కావు.

పట్టిక ఇచ్చినప్పుడు పిల్లలు పొరబడే చోటు ఇంకొకటి ఉంది. ఎక్స్ 2, 5, 8 అయితే వై 50, 80, 110 అనుకోండి. ఎక్స్ మూడేసి పెరిగినప్పుడల్లా వై ముప్పయ్యేసి పెరుగుతోంది కాబట్టి సరిపోయిందనిపిస్తుంది. భాగించి చూస్తే 25, 16, 13.75. తేడాలు సమానమైతే గ్రాఫు సరళరేఖ అవుతుంది, అంతవరకే. ఇక్కడ వై = 10ఎక్స్ + 30. ఆ 30 తీసేస్తే మిగిలింది ఎక్స్‌కు అనులోమానుపాతంలో ఉంటుంది.

సమీకరణమైతే వై ని ఒంటరి చేయండి. చివరికి వై = కె × ఎక్స్ రూపం రావాలి, కె సున్నా కాకూడదు. 3వై = 12ఎక్స్ అంటే వై = 4ఎక్స్, అవును. వై − 5ఎక్స్ = 0, అవును. వై = ఎక్స్/5 కూడా అవును, కె ఇక్కడ 1/5. 2వై = 6ఎక్స్ + 4 అంటే వై = 3ఎక్స్ + 2. ఇది కాదు, చివర 2 మిగిలిపోతుంది. వై = 4(ఎక్స్ + 2) − 8 చూడగానే కాదనిపిస్తుంది, కానీ బ్రాకెట్ విప్పితే 8, 8 కొట్టుకుపోయి వై = 4ఎక్స్ మిగులుతుంది. అందుకే సూక్ష్మీకరించకుండా తీర్పు చెప్పకూడదు. వై = −3ఎక్స్ లో ఎక్స్ పెరిగితే వై తగ్గుతుంది. అయినా అనులోమానుపాతమే, నిష్పత్తి ఎప్పుడూ −3.

ఒకటి పెరిగితే రెండోది తగ్గినంత మాత్రాన విలోమానుపాతం కాదని దీన్నిబట్టి తెలుస్తోంది. విలోమానుపాతానికి రెండింటి లబ్ధం స్థిరంగా ఉండాలి. రొయ్యల కౌంట్ అందుకు చక్కటి ఉదాహరణ. కౌంట్ అంటే కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్నది. 40 కౌంట్‌లో ఒక్కో రొయ్య సగటున 25 గ్రాములు, 50 కౌంట్‌లో 20, 100 కౌంట్‌లో 10. గుణిస్తే ప్రతిసారీ 1000.

ఒంగోలు వైపు పొగాకు లెక్కలో మరో జాగ్రత్త అవసరం. ఒకే రేటు పలికిన బేళ్లలో బరువుకూ డబ్బుకూ అనులోమానుపాతం ఉంటుంది. గ్రేడును బట్టి ఒక బేలు కిలో 200కూ ఇంకోటి 150కీ పోతే రెండూ ఒకే పట్టికలో కలపకూడదు. ఏది స్థిరంగా ఉందో లెక్కలో ముందే రాసుకోవాలి.

గ్రాఫు గీస్తే సరళరేఖ మూలబిందువు గుండా పోవాలి. వై అక్షం మీద అంకెలు సున్నా నుంచి కాక 50 నుంచి మొదలుపెడితే, వై = 10ఎక్స్ + 50 గీత కూడా మూల నుంచే లేచినట్టు కనిపిస్తుంది. కాబట్టి గీతకంటే ముందు అక్షాల మీది అంకెలు చదవండి.