క్రెడిట్ బాగాలేనివాళ్లకు ఇల్లు అద్దెకిచ్చే ముందు

అమెరికాలో ఇల్లు కొని అద్దెకిచ్చే మనవాళ్లు చాలామంది ముందు క్రెడిట్ స్కోరే (అప్పులు, బిల్లులు ఎంత సరిగ్గా కడతారో చెప్పే అంకె) చూస్తారు. తక్కువుందని పక్కన పెట్టేసే ముందు ఇవి చూసుకోండి.

- ఎవరికి ఇస్తారో, ఎవరికి ఇవ్వరో రూల్స్ ముందే కాగితం మీద పెట్టండి, అందరికీ అవే. టెక్సస్‌లో అయితే అప్లికేషన్‌తో పాటే ఇవ్వాలి. 'తెలుగువాళ్లకే' అని వాట్సాప్ గ్రూపులో ప్రకటన పెట్టారో, ఇల్లిచ్చేటప్పుడు జాతి, పుట్టిన దేశం లాంటివి చూసి తేడా చూపొద్దనే 1968 నాటి ఫెయిర్ హౌసింగ్ చట్టం కింద ఇరుక్కుంటారు.

- అద్దెకు అడిగినవాళ్ల దగ్గర ఒప్పుకుంటున్నట్టు సంతకం తీసుకున్నాకే వాళ్ల క్రెడిట్ రిపోర్టు తెప్పించండి.

- స్కోరు దగ్గరే ఆగకండి, లోపల చదవండి. ఆస్పత్రి బిల్లు కట్టక కలెక్షన్‌కి (బాకీలు వసూలు చేసేవాళ్ల చేతికి) పోవడం వేరు, పాత ఇంటి అద్దె ఎగ్గొట్టడం వేరు. నాకైతే రెండోదంటేనే భయం. లేటు పేమెంట్లు ఏడేళ్ల దాకా కనిపిస్తాయి కాబట్టి తేదీలు చూడండి. ఐదేళ్ల కిందట ఉద్యోగం పోయి దెబ్బతిని, ఆ తర్వాత అన్నీ టైముకి కట్టినవాడిని నేనైతే వదులుకోను.

- హెచ్-1బీ మీద కొత్తగా దిగినవాళ్లకు అసలు హిస్టరీయే ఉండదు. అది చెడ్డ క్రెడిట్ కాదు. ఆఫర్ లెటర్, పే స్టబ్‌లు (జీతం రసీదులు) అడగండి.

- ఇప్పటి ఓనర్ పీడ వదిలితే చాలని పొగడొచ్చు. అంతకుముందు ఓనర్‌కి ఫోన్ చేయండి.

- రిపోర్టు చూసి కాదంటే అడ్వర్స్ యాక్షన్ నోటీసు (రిపోర్టు వల్లే ఇలా నిర్ణయించామని చెప్పే నోటీసు) ఇవ్వాలి. కో-సైనర్‌నో (హామీగా సంతకం పెట్టేవాళ్లు), ఎక్కువ డిపాజిటో అడిగినా ఇవ్వాల్సిందే. చాలామంది ఇక్కడే తప్పుతారు. నోటీసు అందాక 60 రోజుల్లోపు వాళ్లు ఆ రిపోర్టు ఉచితంగా తెప్పించుకోవచ్చు. డిపాజిట్‌కీ హద్దుంది: న్యూజెర్సీలో నెలన్నర అద్దెకు మించకూడదు.